గుండె చప్పుడుకు తెర కట్టినవారు

ఛందస్సు, వ్యాకరణం, ఊరి పాత కథలు తప్ప వేరే ఊసెత్తని నేను ఈసారి వైద్య యంత్రాల చరిత్ర మీద పడ్డానేమిటని మీకు అనిపించవచ్చు. కారణం మొదటే మనవి చేస్తాను.

2022 ఫిబ్రవరిలో నా శ్రీమతికి గుండెపోటు వచ్చింది. పట్నంలోని ఒక ఆసుపత్రిలో అయిదు రాత్రులు ఐ.సి.యు.లో ఉంచారు. పగలు రెండుసార్లు, రాత్రి ఒకసారి, పదేసి నిమిషాల పాటు లోపలికి రానిచ్చేవారు. మిగిలిన వేళల్లో తలుపుకున్న అద్దంలోంచి చూడటమే. అద్దంలోంచి ఆమె ముఖం కనబడేది కాదు. మంచం తలాపున వేలాడే తెర మాత్రం కనబడేది. అందులో పచ్చటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పోతూ ఉండేది. చిన్న గుబ్బ, వెంటనే నిటారైన శిఖరం, కాస్త వెడల్పాటి మరో గుబ్బ, తరువాత కొంత మైదానం. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లల చేత గురులఘువులు గుర్తింపజేసినవాణ్ణి కదా, తెలియకుండానే ఆ గీతకు గణవిభజన మొదలుపెట్టాను. లఘువు, గురువు, లఘువు, విరామం. ఎక్కడైనా యతి తప్పుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి.

మూడవ రాత్రి నేను లోపల ఉండగానే ఆ గీత చదునైపోయింది. యంత్రం కూత పెట్టింది. నేను ఏమని అరిచానో గుర్తు లేదు. నర్సమ్మ వచ్చింది. శ్రీకాకుళం వైపు పిల్ల, పాతికేళ్ళు ఉంటాయేమో. ఆమె తెర వైపు చూడలేదు. నా శ్రీమతి ముఖం చూసింది, మణికట్టు పట్టుకుంది, "అమ్మగారూ, నిద్ర పట్టిందా?" అని అడిగింది. ఆవిడ కళ్ళు తెరిచి "ఆ గోల ఏమిటే అమ్మా" అంది. అప్పుడు ఆ పిల్ల ఛాతీ మీద ఊడిన అంటింపు బిళ్ళను తీసి కొత్తది అంటించింది. పచ్చ గీత మళ్ళీ లేచింది. పోతూ పోతూ నాతో, "మాస్టారూ, మీరు తెరను చూస్తున్నారు, నేను మనిషిని చూశాను, అంతే" అంది.

ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదలలేదు. అసలు ఆ తెరను రోగి తలాపున తెచ్చి పెట్టింది ఎవరు? అది లేని రోజుల్లో ఏం చేసేవారు? అది వచ్చాక ఏం మారింది? నెలల తరబడి ఇవే చదివాను. వైద్యుణ్ణి కాను, వైద్యం చెప్పను. చరిత్ర మాత్రం చెబుతాను.

గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుందని పందొమ్మిదో శతాబ్ది నడుమనే కప్పల మీద పరీక్షలు చేసి తెలుసుకున్నారు. 1856లో కోలికర్, ముల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కప్ప కాలి నరాన్ని కొట్టుకుంటున్న గుండె మీద పెట్టారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ కాలు అదిరింది. ఒక విధంగా చూస్తే గుండె విద్యుత్తుకు మొట్టమొదటి తెర కప్ప కాలే.

1870వ దశకం ఆరంభంలో లిప్‌మన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కేశనాళికా విద్యున్మాపకాన్ని తయారు చేశాడు. వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలో పాదరసం, దాని మీద గంధకామ్లం. విద్యుత్తు తగిలితే పాదరసం అంచు రవ్వంత పైకో కిందికో జరుగుతుంది. సూక్ష్మదర్శినితో చూడాలి. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ ఈ పరికరంతోనే మనిషి గుండె విద్యుత్తును, ఛాతీ కోయకుండా, మొట్టమొదట నమోదు చేశాడు. పాదరసం కదలికను ఛాయాచిత్రపు పలక మీద పట్టాలి. పలక నిశ్చలంగా ఉంటే గీత రాదు, అది సమవేగంతో జరుగుతూ ఉండాలి. అందుకని దాన్ని పిల్లలాడుకునే బొమ్మ రైలు మీద ఎక్కించాడట. ఈ సంగతి చదివినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఈనాటి తెర మీద ఎడమ నుంచి కుడికి సాగే ప్రయాణం మొదలైనది బొమ్మ రైలు మీద!

వాలర్ గారికి జిమ్మీ అనే బుల్‌డాగ్ ఉండేది. దాని కాళ్ళను ఉప్పునీటి పాత్రల్లో నిలబెట్టి సభల్లో ప్రదర్శనలిచ్చేవాడు. 1909లో రాయల్ సొసైటీలో అలా ప్రదర్శించాక, ఇది మూగజీవిని హింసించడం కాదా అని బ్రిటిష్ పార్లమెంటులో ఒక సభ్యుడు ప్రశ్న లేవనెత్తాడు. కుక్క నిలుచున్నది ఉప్పు కలిపిన నీళ్ళలోనేనని మంత్రిగారు సమాధానం చెప్పవలసి వచ్చింది. ఇంతా చేసి, ఈ విద్య ఆసుపత్రుల్లో విరివిగా వాడుకలోకి వస్తుందని వాలర్ స్వయంగా నమ్మలేదు.

నమ్మినవాడు ఐంట్‌హోవెన్. జావా ద్వీపంలో 1860లో పుట్టిన డచ్చివాడు, లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. 1889లో బాసెల్ నగరంలో జరిగిన శరీరధర్మ శాస్త్రజ్ఞుల సమావేశంలో వాలర్ ప్రదర్శన చూశాడు. పాదరసం బరువుది, గుండె వేగాన్ని అందుకోలేక వెనకబడుతుంది. ఐంట్‌హోవెన్ మొదట లెక్కలు కట్టి ఆ తప్పును సరిదిద్దాడు. 1895లో ఆ గీతలోని ఎత్తుపల్లాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టాడు. అక్షరమాలను ఏ నుంచి కాక పి నుంచి మొదలుపెట్టడమేమిటని భాషాపండితుడిగా నాకు మొదట అభ్యంతరం కలిగింది. జ్యామితిలో వక్రరేఖ మీది బిందువులను ఆ అక్షరంతో మొదలుపెట్టి గుర్తించే వాడుక ఒకటి ఉన్నదని, బహుశా అదే కారణమని పెద్దలంటారు. ముందువెనకల కొత్తవి కనబడితే పేర్లు పెట్టడానికి అటూ ఇటూ అక్షరాలు మిగిలే ఉంటాయి. పాణిని ప్రత్యాహారాలు చదువుకున్నవాళ్ళకు ఇటువంటి ముందుచూపు విలువ వేరే చెప్పనక్కరలేదు.

తరువాత పాదరసాన్ని వదిలి, వెండి పూత పూసిన స్ఫటికపు తంత్రిని అయస్కాంత ధ్రువాల నడుమ బిగించాడు. గుండె విద్యుత్తు ఆ తంత్రిలో పారితే అది పక్కకు ఊగుతుంది, దాని నీడను ఛాయాచిత్రంగా పట్టాలి. ఇది 1901, 1903 సంవత్సరాల నాటి మాట. అంత సన్నటి తంత్రిని లాగే ఉపాయం కూడా విచిత్రమే. కరిగిన స్ఫటికాన్ని బాణం చివర అంటించి వింటితో వదిలేవారు, బాణం పోయిన దారంతా తంత్రి సాగేది. యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి అయిదుగురు కావాలి. అయస్కాంతాలు వేడెక్కకుండా నీళ్ళు పారిస్తూ ఉండాలి. దాన్ని రోగి వద్దకు తీసుకుపోవడం కల్ల. అందుకని 1905లో ఆసుపత్రి నుంచి ప్రయోగశాల దాకా, ఒకటిన్నర కిలోమీటరు, టెలిఫోను తీగ మీద రోగి గుండె సంకేతాన్ని రప్పించుకున్నాడు. సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగం, ఒక మిల్లీవోల్టుకు ఒక సెంటీమీటరు ఎత్తు అని ఆయన పెట్టిన కొలతలే ఇప్పటికీ కాగితం మీదా తెర మీదా నడుస్తున్నాయి. 1924లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇదంతా కాగితపు యుగం. కాగితం మీద గీత పడేసరికి ఆ గుండె కొట్టుకోవడం గతమైపోతుంది. చీకటి గదిలో కడిగి ఆరబెట్టి చూసేసరికి అది చరిత్ర. పోనీ నిరంతరంగా కాగితం పారిస్తే? లెక్క వేసి చూశాను. సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున నిమిషానికి ఒకటిన్నర మీటరు, గంటకు 90 మీటర్లు, రోజుకు 2160 మీటర్లు. ఒక్క రోగికి ఒక్క రోజుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు కాగితం! మా ఊరి బడి నుంచి బస్టాండు దాకా పరవవచ్చు. చూసి వదిలేయదగినదాన్ని రాసి దాచడం ఎందుకు? కనబడాలి, చెరిగిపోవాలి, మళ్ళీ కనబడాలి. పలక, బలపం కావాలి.

ఆ పలక అప్పటికే తయారై ఉంది, అయితే వేరే ఇంట్లో. 1897లో ఫెర్డినాండ్ బ్రౌన్ అనే జర్మను శాస్త్రవేత్త కాథోడ్ కిరణ నాళికను నిర్మించాడు. ఎలక్ట్రాన్ల ధార గాజు నాళిక కొసన ఉన్న పూతకు తగిలి వెలుగుచుక్క పుట్టిస్తుంది, విద్యుత్తు మారితే చుక్క కదులుతుంది. ఎలక్ట్రాన్లకు బరువు లెక్కలోనిది కాదు కనుక పాదరసం లాగా వెనకబడే దోషం లేదు. 1922లో అమెరికాలో ఎర్లాంగర్, గాసర్ అనేవారు దీనితో నరాల సంకేతాలను చూశారు. ఆ కృషికే వారికి 1944లో నోబెల్ వచ్చింది.

గుండె దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు. నరాల సంకేతం మెరుపులాంటిది, వెయ్యోవంతు సెకనులో ముగుస్తుంది. గుండె నెమ్మదిగా, సెకనుకు ఒకసారి కొట్టుకుంటుంది. మామూలు పూత మీద చుక్క ముందుకు జరగగానే వెనుక దారి చీకటైపోతుంది. అంటే గీత కనబడదు, ఎగిరెగిరి పడే మిణుగురు మాత్రం కనబడుతుంది. మాటలు ఒకటొకటే వినిపించి వాక్యం వినిపించనట్టు.

ఈ చిక్కు విప్పింది వైద్యులు కారు, యుద్ధం. రెండవ ప్రపంచ యుద్ధంలో రాడార్లు వచ్చాయి. రాడారు ఏంటెన్నా నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది, మళ్ళీ అదే దిక్కుకు వచ్చేదాకా శత్రు విమానపు ఆనవాలు తెర మీద నిలిచి ఉండాలి. అందుకని రెండు పొరల పూత కనిపెట్టారు. ఎలక్ట్రాన్లు తగిలితే ఒక పొర నీలంగా మెరుస్తుంది, ఆ నీలి వెలుగు తాకి రెండవ పొర పసుపు పచ్చగా కొన్ని సెకన్ల పాటు మెల్లగా ఆరిపోతూ వెలుగుతుంది. యుద్ధం ముగిశాక అదే పూత గుండె తెరలకెక్కింది. చుక్క ముందు పోతుంటే వెనుక తోకచుక్కలాగా నాలుగైదు కొట్టుకోవడాల ఆనవాలు మిగిలేది. అయిదంగుళాల నాళికలో సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున చుక్క అడ్డంగా దాటడానికి అయిదు సెకన్లు పడుతుంది. మొదటి శిఖరం మసకబారే లోపల అయిదవది లేచేది. పోల్చి చూడటానికి అంత మాత్రం చాలు. బాంబర్ల జాడ పట్టడానికి పుట్టిన వెలుగు ఆసుపత్రిలో అలా స్థిరపడింది.

తెర మొదట ప్రవేశించిన చోటు శస్త్రచికిత్సల గది. మత్తులో ఉన్నవాడి గుండె ఆగినా పైకి తెలియడం కష్టం, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. 1952లో హిమ్మెల్‌స్టైన్, షైనర్ అనే అమెరికన్లు కార్డియోటాకోస్కోపు అనే పరికరాన్ని వర్ణిస్తూ వ్యాసం ప్రచురించారు. గీతను తెర మీద చూపడమే కాక గుండె వేగాన్ని కూడా అది తెలిపేది. ఇక్కడ మనకు తోచని ఆపద ఒకటి ఉండేది. అప్పటి మత్తుమందులు, ఈథరు, సైక్లోప్రొపేను, నిప్పురవ్వ తగిలితే పేలేవి. ఆ ఆవిరులు గాలికంటే బరువు, నేల వైపు దిగుతాయి. అందుకని నేల నుంచి అయిదడుగుల ఎత్తు దాకా ప్రమాద మండలంగా ఎంచి, విద్యుత్ పరికరాలను ఆ పైన పెట్టడమో, ఆవిరి చొరబడని పెట్టెల్లో బిగించడమో చేసేవారు. ఇప్పటికీ తెరలు తలెత్తి చూసే ఎత్తులోనే ఉండటం చూస్తే ఆ పాత భయం గుర్తుకు వస్తుంది, ఇప్పటి కారణం వేరైనా.

అదే 1952లో బోస్టన్ నగరంలో పాల్ జోల్ ఆగిన గుండెను ఛాతీ పైనుంచి విద్యుత్తుతో నడిపించాడు. 1956లో జఠరికలు లయ తప్పి వణికే స్థితిని ఛాతీ పైనుంచే విద్యుద్ఘాతంతో సరిచేసి చూపాడు. గుండెను తెర మీద కనిపెట్టి చూస్తూ, ఆగితే కూతపెట్టే యంత్రాలు ఆయన పూనికతోనే తయారయ్యాయి. 1960లో జాన్స్ హాప్‌కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీని చేతులతో నొక్కి రక్తప్రసారం సాగించే పద్ధతి ప్రకటించారు. అంటే 1960 నాటికి ప్రాణం నిలిపే సాధనాలు మూడూ సిద్ధం. నొక్కే చేతులు, కుదిపే విద్యుత్తు, చూపే తెర. కాని అవి ఒకచోట లేవు. గుండెపోటు రోగి సాధారణ వార్డులో ఏ మూలనో పడుకునేవాడు. రాత్రి గుండె లయ తప్పితే పొద్దున్న రౌండ్లకు వచ్చిన వైద్యుడికి ఖాళీ మంచం కనబడేది. ఆ రోజుల్లో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి ముప్పయి మంది దాకా పోయేవారని వైద్య గ్రంథాలు చెబుతాయి.

1961లో ఎడిన్‌బరోలో డెస్మండ్ జూలియన్ అనే యువవైద్యుడు ఒక మాట అన్నాడు. ఇటువంటి రోగులందరినీ ఒకే వార్డులో చేర్చి, గుండె గీతను ఎడతెగకుండా గమనిస్తూ, ఏం చేయాలో తెలిసినవాళ్ళను పక్కనే ఉంచాలని. 1962 మే నెలలో అమెరికాలోని కాన్సస్ నగరంలో, బెథనీ ఆసుపత్రిలో, హ్యూస్ డే అటువంటి విభాగాన్ని తెరిచాడు. అదే ఏడాది టొరంటోలో, సిడ్నీలో కూడా వెలిశాయి.

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఇక్కడి నుంచి జరిగినది. తెర పెట్టారు సరే, చూసేదెవరు? వైద్యుడు రాత్రంతా కూర్చోడు. తెర దగ్గర ఉండేది నర్సు. జఠరికలు వణకడం మొదలైతే మూడు నాలుగు నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది. నర్సు ఫోను చేసి, వైద్యుడు నిద్రలేచి, మెట్లు దిగి వచ్చేసరికి ఆ గడువు అయిపోతుంది. కాని ఈసీజీ చదవడం వైద్యుల విద్య, రోగికి విద్యుద్ఘాతం ఇవ్వడం వైద్యుల అధికారం. నర్సులు ఉష్ణోగ్రత రాయాలి, పక్క సర్దాలి, చెప్పినది చేయాలి. ఫిలడెల్ఫియాలో లారెన్స్ మెల్ట్‌జర్ అనే వైద్యుడు, రోజ్ పిన్నియో అనే నర్సు కలిసి ఆ గోడ కూల్చారు. గీత చదవడం నర్సులకు నేర్పారు. వైద్యుడు రాకముందే ఘాతం ఇచ్చే అనుమతి ఇప్పించారు. 1965లో నర్సుల కోసమే ఒక పుస్తకం కూర్చారు. ఎన్నో చోట్ల వైద్యులు అభ్యంతరం చెప్పారు, చట్టం ఒప్పుకుంటుందా అన్నారు. ఒప్పుకోక తప్పలేదు, ఎందుకంటే తెర ఉన్నది నర్సు ఎదుట. ఇటువంటి విభాగాల్లో మరణాలు సుమారు సగానికి తగ్గాయి. తెర ప్రాణాలు కాపాడిందని అంటారు గాని, ప్రాణాలు కాపాడింది తెర ఎదుట కూర్చున్నవారి చేతికి అధికారం రావడం. యంత్రాల చరిత్రలు రాసేవారు ఈ ముక్క త్వరగా దాటిపోతారు, నాకు అది అన్యాయంగా తోస్తుంది. ఆ రాత్రి మా శ్రీకాకుళం పిల్ల ఎవరినీ అడగకుండా చేయవలసినది చేసిందంటే ఆ వెనుక రోజ్ పిన్నియో గారు ఉన్నారు.

ఇదే కాలంలో తెరను వేరే విధంగా వాడినవాడు నార్మన్ హోల్టర్. రోగిని మంచం మీద పడుకోబెట్టి చూస్తే నడిచే మనిషి గుండె ఎలా తెలుస్తుందని ఆయన ప్రశ్న. మొదటి పరికరం వీపున మోసుకునే మూట, సుమారు 38 కిలోలు. తరువాత అది చిన్నదై, గంటల తరబడి గుండె సంకేతాన్ని టేపు మీద పట్టేది. ఆ టేపును అరవై రెట్ల వేగంతో తిప్పి, కొట్టుకోవడాలను ఒకదాని మీద ఒకటి పడేటట్టు తెర మీద చూసేవారు. అన్నీ ఒకే తీరులో ఉన్నంతసేపు ఒకే బొమ్మ నిలిచినట్టుంటుంది, తేడా ఉన్నది వస్తే చివుక్కున బయటపడుతుంది. తప్పు రాసిన పద్యాన్ని వేగంగా చదివితే చెవికి తగిలినట్టు. 1961లో ఈ పద్ధతిని ప్రకటించాడు.

తెర ఎంత దూరానిదైనా కావచ్చునని 1971లో తెలిసింది. అపోలో 15 యాత్రలో జేమ్స్ ఇర్విన్ చంద్రుడి మీద నుంచి తిరిగి నౌకకు చేరాక, హూస్టన్‌లోని తెరల మీద ఆయన గుండె జంటలు జంటలుగా కొట్టుకోవడం కనబడింది. ఒక సరైన కొట్టు, వెంటనే ఒక తొందరపాటు కొట్టు. వైద్యులు దీన్ని బైజెమినీ అంటారు. నాకైతే ద్విపద అనిపించింది, కాని ఇది శ్రోతలు కోరుకునే ద్విపద కాదు. మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్ల దూరాన ఉన్న మనిషి గుండెను వైద్యులు చూస్తున్నారు, తాకలేరు. ఆ మాట అప్పుడు ఆయనకు చెప్పలేదు. ఇర్విన్‌కు 1973లో గుండెపోటు వచ్చింది, 1991లో గుండె జబ్బుతోనే పోయాడు. దేహంలో పొటాషియం తగ్గడం ఒక కారణమని భావించి మరుసటి యాత్రవారికి పొటాషియం కలిపిన నారింజ రసం తెగ తాగించారు. దాని మీద ఆ వ్యోమగాముల విసుగు వేరే కథ.

చూడగలగడం వేరు, చూసినదాన్ని సరిగా అర్థం చేసుకోవడం వేరు. ఆ పాఠం చాలా ఖరీదుగా వచ్చింది. తెరలు వచ్చాక గుండెపోటు రోగుల గీతల్లో అక్కడక్కడ తొందరపాటు కొట్లు కనబడటం గమనించారు. అవి ఎక్కువగా ఉన్నవారు ఎక్కువగా చనిపోవడం కూడా గమనించారు. అయితే ఆ కొట్లను మందుతో అణచివేస్తే మరణాలు తగ్గాలి కదా! తర్కం నిర్దుష్టంగా ఉంది. మందులిచ్చారు, తెర మీద గీత కడిగిన ముత్యంలా అయింది. అందరూ సంతోషించారు. చివరకు అమెరికాలో కాస్ట్ అనే పేరుతో పెద్ద పరీక్ష పెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే రెండు మందులను 755 మందికిచ్చి, 743 మందికి ఉత్తుత్తి మాత్రలిచ్చి పోల్చారు. సగటున పది నెలలు గడిచేసరికి మందు తీసుకున్నవారిలో 63 మంది, ఉత్తుత్తి మాత్రలవారిలో 26 మంది చనిపోయారు. 1989లోనే ఈ మందుల పరీక్షను మధ్యలో ఆపేశారు, పూర్తి లెక్కలు 1991లో అచ్చయ్యాయి. గీత బాగుపడింది, మనుషులు పోయారు. ఈ అంకెలు చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎందరు వైద్యులు ఆ శుభ్రమైన గీతను చూసి తృప్తిగా ఇంటికి వెళ్ళి ఉంటారు!

ఇక తెర రూపు మారిన సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1970లలో చిన్న జ్ఞాపకశక్తి గల పరికరాలు వచ్చాయి. చుక్క వెనుక గీత ఆరిపోవడం పోయి, నిలిచి ఉండే గీత వచ్చింది, కావాలంటే ఆపి చూసుకోవచ్చు. ఇప్పటి చాలా తెరల మీద చిన్న ఖాళీ పట్టీ ఒకటి ఎడమ నుంచి కుడికి జరుగుతూ పాత గీతను చెరుపుతుంది, దాని వెనుక కొత్త గీత పడుతుంది. నేను అయిదు రాత్రులు చూసినది ఆ ఖాళీ పట్టీనే. మొదట అదేదో గుండెలోని వెలితి అనుకొని భయపడ్డాను. తరువాత మైక్రోప్రాసెసర్లు, పలుచని ద్రవస్ఫటిక తెరలు, రంగులు. జపానులో తకువో అవోయాగి 1974లో ప్రకటించిన సూత్రంతో రక్తంలోని ఆక్సిజను శాతం కూడా తెరకెక్కింది. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ పుణ్యమా అని అది మన ఇళ్ళలోకీ వచ్చింది. చూపుడువేలికి తగిలించి, ఎర్రటి అంకెలు 94కు దిగితే చెమటలు పట్టించుకున్న వాళ్ళం మనందరం. గోరింటాకు, గోళ్ళ రంగు, చల్లబడ్డ వేళ్ళు ఆ అంకెను తప్పించగలవని తరువాత తెలుసుకున్నాం.

తెరతో వచ్చిన మరో జబ్బు కూత. ప్రతి కొలతకూ ఒక హద్దు, హద్దు దాటితే ఒక కూత. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో 2013లో 31 రోజుల పాటు, అయిదు ఐ.సి.యు.లలోని 77 పడకల నుంచి వచ్చిన హెచ్చరికలన్నీ లెక్కపెట్టారు. పాతిక లక్షలకు పైగా తేలాయి. చెవికి వినిపించేవే పడక ఒక్కింటికి రోజుకు 187. లయ తప్పిందని మోగినవాటిలో పన్నెండు వేలకు పైగా విడివిడిగా పరిశీలిస్తే, నూటికి 88కి మించి ఉత్తవే. నాన్నా పులి కథ చెప్పని ఉపాధ్యాయుడు ఉండడు, కాని ఆ కథలో పిల్లవాడు ఒక్కడే. ఇక్కడ డెబ్బయ్యేడు మంది పిల్లలు రాత్రింబవళ్ళు అరుస్తున్నారు, నిజంగా పులి వచ్చేది ఏ అరుపుకో తెలియదు. రోగి పళ్ళు తోముకుంటుంటే చేతి కుదుపుకు తెర మీద ప్రాణాంతకమైన లయ లాంటిది కనబడటం, దాన్ని నిజమని నమ్మి అక్కరలేని చికిత్సలు చేయడం కూడా వైద్య పత్రికలకెక్కాయి.

మన సినిమాల్లో తెర మీద గీత చదునవుతుంది, కుయ్యిమని ఒకే కూత, వైద్యుడు రెండు ఇస్త్రీపెట్టెల వంటివి ఛాతీకి ఆన్చుతాడు, రోగి ఎగిరిపడతాడు, గీత లేస్తుంది. నిజానికి విద్యుద్ఘాతం వణికే గుండెను ఒక్కసారి నిశ్చలం చేసి సరైన లయకు అవకాశమివ్వడానికి. గీత పూర్తిగా చదునైన గుండెకు దానితో పని లేదు, చేతులతో నొక్కడం, మందు ఇవ్వడమే మార్గం. అందుకే చదునైన గీత కనబడగానే నేర్చినవారు మొదట మనిషిని చూస్తారు, తరువాత తీగెలు చూస్తారు. దీనికి తిరగబడ్డ స్థితి మరింత భయంకరం. తెర మీద గీత చక్కగా సాగుతుంటుంది, నాడి మాత్రం ఉండదు. ఎందుకంటే తెర చూపేది గుండెలోని విద్యుత్తును, పారే రక్తాన్ని కాదు. ఆజ్ఞ జారీ అయినదని తెర చెబుతుంది, అమలు జరిగిందో లేదో మణికట్టు చెబుతుంది.

ఆరవ రోజు నా శ్రీమతిని మామూలు గదికి మార్చారు. అక్కడ తెర లేదు. పక్కన కూర్చుంటే నాకు కాలూ చేయీ ఆడలేదు, గోడ మీద చూపు నిలవడానికి ఏమీ లేదు. అర్ధరాత్రి ఆవిడ మణికట్టు పట్టుకొని, చేతి గడియారం ముందు పెట్టుకొని, పదిహేను సెకన్ల పాటు లెక్కపెట్టాను. పందొమ్మిది. నాలుగుతో హెచ్చవేసి, మందుల చీటీ వెనుక 76 అని రాసుకున్నాను. "ఏమిటండీ, ఇంకా పేపర్లు దిద్దుతున్నారా?" అని అడిగింది ఆవిడ, కళ్ళు మూసుకునే.